పశువుల కాపరి బడికి వచ్చేదాకా

పల్లెలో బడి పెట్టాలనుకునేవారు మొదట గోడల లెక్క వేస్తారు. సూరత్ సమీపంలోని ఒక అడవి పల్లెలో దాదాపు నూరేళ్ళ క్రితం కొందరు వేరే లెక్కతో మొదలుపెట్టారు. వారు సాధించినది, సాధించలేకపోయినది రెండూ నేటికీ తెలుసుకోదగినవే.

సూరత్ పేరు వినగానే మన తెలుగువారికి చీరలు గుర్తుకు వస్తాయి. వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాలనుంచి మగ్గాన్ని నమ్ముకుని వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఆ నగరంలో స్థిరపడ్డాయి. అక్కడి నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలలలో తెలుగు మాధ్యమం కూడా ఉన్నదంటే మనవారి సంఖ్య ఎంతో ఊహించుకోవచ్చును. మరమగ్గాల చప్పుడు, వజ్రాల సాన, జరీ వ్యాపారం - ఇవన్నీ కలిసి సూరత్‌కు సంపన్న నగరమన్న పేరు తెచ్చిపెట్టాయి.

ఆ నగరానికి ఆగ్నేయంగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలో వేడ్‌ఛీ అనే చిన్న గ్రామం ఉన్నది. వాలోడ్ తాలూకాకు చెందిన ఈ గ్రామం 2007 వరకు సూరత్ జిల్లాలోనే ఉండేది. ఆ సంవత్సరం అక్టోబరు 2న తాపీ జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. తపతీ నదికి దక్షిణాన, నల్లరేగడి మైదానం ముగిసి టేకు చెట్లు, ఇప్ప చెట్లు మొదలయ్యే ప్రాంతమిది. చౌధ్రీలు, గామిత్‌లు, హల్పతులు ఇక్కడి ఆదివాసులు. గ్రామీణ విద్య గురించి మన దేశంలో జరిగిన ప్రయోగాలలో దీర్ఘకాలం సాగినది ఒకటి ఈ వేడ్‌ఛీలో జరిగింది.

నేడు మన పల్లెలలో బడి కట్టించాలన్న కోరిక గలవారికి కొదువ లేదు. అమెరికాలో ఉద్యోగం చేసుకుంటున్న కుమారుడు తండ్రి పేరిట గదులు కట్టిస్తాడు. వ్యాపారంలో కలిసి వచ్చిన పెద్దమనిషి ధర్మసంస్థను నమోదు చేయిస్తాడు. అందరూ మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: గది ఒక్కంటికి ఎంత అవుతుంది? వేడ్‌ఛీ కథ చదివినవారికి మరొక ప్రశ్న తడుతుంది. ఈ ఊరిలో బడికి రాని పిల్లవాడు ఎవడు? బడి గంట మోగే వేళకు వాడు ఏ పనిలో ఉన్నాడు?

నల్ల ప్రజలు, తెల్ల ప్రజలు

ఇరవయ్యవ శతాబ్దం ఆరంభంలో సూరత్ జిల్లా ప్రజలను రెండు పేర్లతో విభజించేవారు. భూములు, వ్యాపారాలు గల పై కులాలవారు 'ఉజళీపరజ్', అంటే తెల్ల ప్రజలు. ఆదివాసులు 'కాళీపరజ్', అంటే నల్ల ప్రజలు. ఇది వాడుక మాట మాత్రమే కాదు, ప్రభుత్వ కాగితాలలోకి కూడా ఎక్కిన పేరు. ఒక జాతి మొత్తాన్ని రంగు పేరుతో పిలిచే చోట ఆ జాతి పిల్లలకు అక్షరాలు అవసరమని ఎవరికి తోస్తుంది?

ఆదివాసిని పట్టి ఉంచిన సంకెలలు రెండు. మొదటిది సారా. బ్రిటిషు ప్రభుత్వం ఇప్పసారా ఇంటిలో కాచుకోవడాన్ని నిషేధించి అమ్మకపు హక్కును కాంట్రాక్టర్లకు కట్టబెట్టింది. సారా దుకాణదారే అప్పులిచ్చే షావుకారు. తాగిన సారాకు అప్పు, అప్పుకు పొలం - ఈ వరుసలో వారి భూములు చేతులు మారాయి.

రెండవ సంకెల 'హాలీ' పద్ధతి. మైదాన గ్రామాలలోని దుబ్‌లా కులస్థుడు పెళ్ళి కోసం భూస్వామి వద్ద అప్పు తీసుకునేవాడు. ఆ అప్పు తీరేదాకా అతడు ఆ ఇంట పాలేరు. అప్పు తీరడమన్నది సాధారణంగా జరిగేది కాదు. భార్య భూస్వామి ఇంట పాచిపని చేసేది. కొడుకు కాళ్ళు నిలదొక్కుకోగానే పశువుల కాపరి అయ్యేవాడు. పెరిగి పెద్దవాడై తన పెళ్ళికి అప్పు చేసి తానూ హాలీ అయ్యేవాడు. తెలంగాణలో భగేలాల గురించి, కోస్తా జిల్లాలలో పాలేర్ల గురించి తెలిసిన మన పాఠకులకు దీనిని వివరించి చెప్పనక్కరలేదు. పేరు వేరు గాని మెడ మీది కాడి ఒక్కటే.

ఇటువంటి చోట బడి లేకపోవడం వలన పిల్లలు చదువుకోలేదని చెప్పడం సగం నిజం మాత్రమే. పొరుగున ఉన్న బరోడా సంస్థానం ఈ సంగతికి ఉదాహరణ. మహారాజా శాయాజీరావు గైక్వాడ్ సోన్‌గఢ్‌లో ఆదివాసి బాలుర కోసం 1885లోనే వసతి గృహం తెరిపించారు. 1906లో సంస్థానమంతటా నిర్బంధ ప్రాథమిక విద్యను చట్టం చేశారు. పిల్లలను బడికి పంపని తల్లిదండ్రులకు జరిమానా కూడా విధించారు. భారతదేశంలో అంతకు ముందెన్నడూ ఎరుగని సాహసమది. సోన్‌గఢ్ వసతి గృహంలో చదివిన కొందరు యువకులు తరువాత తమ జాతిలో సంస్కర్తలుగా నిలిచారు. అయినా కూలి లేకపోతే కూడు లేని ఇంటి పిల్లవాడిని జరిమానా భయం ఎంతకాలం బడిలో కూర్చోబెట్టగలదు? పళ్ళెంలో మెతుకులు చూపించనిదే పలక చేతికి రాదు.

దేవత ఆజ్ఞ

వేడ్‌ఛీకి సేవకులు రావడానికి ముందే అక్కడి ప్రజలు లేచి నిలబడ్డారు. ఈ కథలో ముఖ్యమైన మలుపు ఇదే.

1922 నవంబరులో సూరత్ జిల్లా ఆదివాసి గ్రామాలలో ఒక వింత ఉద్యమం వ్యాపించింది. సలాబాయి అనే దేవత కొందరిని ఆవహించి వారి నోట మాట్లాడుతున్నదని చెప్పుకున్నారు. ఊరి వెలుపల చెట్టు కింద వేల మంది గుమికూడి పూనకం వచ్చినవారి మాట వినేవారు. సారా మానండి, కల్లు మానండి, మాంసం మానండి, నిత్యం స్నానం చేయండి, ఇల్లు వాకిలి శుభ్రంగా ఉంచుకోండి, సారా దుకాణదారు పొలంలో పనికి పోకండి - ఇవీ దేవత ఆజ్ఞలు. కొద్ది నెలలలోనే వందల గ్రామాలలో సారా దుకాణాలు వెలవెలబోయాయి. క్రమంగా ఆ ఆజ్ఞలలో గాంధీ పేరు మీద ప్రమాణం చేయడం, ఖద్దరు కట్టడం, జాతీయ పాఠశాలకు వెళ్ళడం కూడా చేరాయి.

చరిత్రకారుడు డేవిడ్ హార్డిమన్ ఈ ఉద్యమాన్ని గ్రామగ్రామం తిరిగి పరిశోధించి 1987లో ఒక గ్రంథం ప్రచురించారు. దేవత మాటలో ఆదివాసులు తమ ఆత్మగౌరవాన్నే పలికించారని ఆయన నిరూపించారు. ఎవరో వచ్చి వీరిని మేలుకొలపలేదు. తామే మేలుకుని, తమకు తోడు రాగలవారి కోసం చూశారు. గాంధీజీ అనుచరులు ఆ తెరచిన తలుపు గుండా లోపలికి వచ్చారు.

1920ల మధ్యకాలంలో చూనీలాల్ మెహతా, ఆయన సతీమణి సూరజ్‌బెన్ వేడ్‌ఛీలో కాపురం పెట్టారు. చిన్న గుడిసె, రాట్నాలు, దూది - వారి పెట్టుబడి ఇంతే. 1925 జనవరిలో కాళీపరజ్ పరిషత్తు వేడ్‌ఛీలో జరిగింది. గాంధీజీ ఆ సభకు వచ్చారు. ఆ దశాబ్దంలోనే కాళీపరజ్ అనే పాత పేరు పోయి 'రానీపరజ్' అనే కొత్త పేరు వచ్చింది. 'రాన్' అంటే అడవి. నల్ల ప్రజలు అడవి ప్రజలయ్యారు. దుబ్‌లా అనే మాటలో దుర్బలుడు అన్న ధ్వని ఉన్నదని వారిని 'హల్పతి', అనగా నాగలికి అధిపతి, అని పిలవసాగారు. పేరు మారినంత మాత్రాన అప్పు తీరదు. కాని తనను తాను తక్కువగా పిలుచుకునే బాలుడికి నేర్పే మొదటి పాఠం అతడి పేరే కావాలని ఆ కార్యకర్తలు గ్రహించారు.

మెట్రిక్ గట్టెక్కని మాస్టారు

వేడ్‌ఛీ కృషికి ప్రాణం పోసినవారు జుగత్‌రామ్ దవే. ఆయన 1892 సెప్టెంబరు 1న సౌరాష్ట్రలోని లఖ్తర్‌లో జన్మించారు. మెట్రిక్ పరీక్షలో ఉత్తీర్ణులు కాలేకపోయారు. పొట్టచేత పట్టుకుని బొంబాయి చేరారు. అక్కడ పరిచయమైన స్వామి ఆనంద్ ఆయనలోని సాహిత్యాభిరుచిని గుర్తించి 'వీస్‌మీ సదీ' అనే ప్రసిద్ధ గుజరాతీ సచిత్ర మాసపత్రికలో పని ఇప్పించారు. తరువాత కాకా కాలేల్కర్ సాంగత్యం లభించింది. 1917లో గాంధీజీ ఆశ్రమ పాఠశాలలో ఉపాధ్యాయులయ్యారు. కొంతకాలం 'నవజీవన్' పత్రికలో పనిచేశారు. ఆపైన బార్డోలీ ప్రాంతానికి వచ్చి, చివరకు వేడ్‌ఛీలో స్థిరపడ్డారు. వివాహం చేసుకోలేదు. స్వాతంత్ర్యోద్యమంలో పలుమార్లు జైలుకు వెళ్ళినప్పుడు తప్ప ఆయన జీవితం ఆ అడవి గ్రామాలతోనే పెనవేసుకుపోయింది. 1985 మార్చి 14న ఆయన కన్నుమూశారు.

పరీక్ష తప్పినవాడు వేలాది పిల్లలకు గురువు కావడం విచిత్రంగా తోచవచ్చును. బహుశా అందుకే ఆయనకు పరీక్ష మీద కన్నా పిల్లవాడి మీద దృష్టి నిలిచింది. ఆయన కవి. పసివారి కోసం పాటలు వ్రాశారు. బాలవాడులను ఎలా నడపాలో పుస్తకం వ్రాశారు. తన విద్యా సిద్ధాంతాన్ని 'ఆత్మరచనా అథవా ఆశ్రమీ కేళవణీ' అనే గ్రంథంలో వివరించారు. 'కేళవణీ' అంటే గుజరాతీలో విద్య. ఆశ్రమంలో కలిసి బ్రతకడమే విద్య అన్నది ఆయన సూత్రం. ఉపాధ్యాయుడు పాఠం చెప్పి ఇంటికి పోయే ఉద్యోగి అయితే ఆ పాఠం బడి గడప దాటదు. అతడు పిల్లలతో లేచి, వారితో ఊడ్చి, వారితో వండుకుని తిన్నప్పుడు అతడి రోజంతా పాఠమే.

బ్రతుకే పాఠం

ఆశ్రమశాలలో రోజు తెల్లవారుజామున ప్రార్థనతో మొదలవుతుంది. తరువాత పారిశుద్ధ్యం. పాయఖానా శుభ్రం చేసే పని కూడా విద్యార్థులు, ఉపాధ్యాయులు వంతులవారీగా చేయవలసిందే. వంట, పశుపోషణ, కూరగాయల మడి, రాట్నం - వీటి నడుమ చదువు, లెక్కలు, భూగోళం. నూలు వడికినప్పుడు పోగుల లెక్క గణితమవుతుంది. పొలానికి నీరు పెట్టినప్పుడు నేల స్వభావం విజ్ఞానశాస్త్రమవుతుంది.

ఆదివాసి బాలుడికి ఇందులో ఒక సౌకర్యం ఉన్నది. పట్నపు బడిలో మొదటి రోజునుంచే అతడు ఏమీ రానివాడు. ఇక్కడ మాత్రం విత్తనం, పశువు, చెట్టు గురించి అతడికి తెలిసినంత మాస్టారికి తెలియదు. తెలిసిన దానినుంచి తెలియని దానికి నడిపించే బడిలో పిల్లవాడు తలవంచుకుని కూర్చోడు.

గ్రామంలో పగటి బడికి బదులు వసతితో కూడిన బడి ఎందుకు అవసరమైనది? ఇందుకు కారణం మళ్ళీ ఆ పశువుల మందే. ఇంటివద్ద ఉన్న పిల్లవాడు పొద్దున్నే మందతో అడవికి పోతాడు. అప్పులవాడు కేకవేస్తే పరుగెత్తుతాడు. వాడికి తిండి, గుడ్డ, పడుకునే చోటు చూపిన బడి మాత్రమే వాడిని ఆ కేకకు దూరంగా ఉంచగలదు. ఆశ్రమశాల అనే పద్ధతి ఈ అవసరంలోనుంచి పుట్టింది. ఠక్కర్ బాపా 1922లో దాహోద్ ప్రాంతంలో భిల్లుల కోసం ప్రారంభించిన కృషి కూడా ఇదే దారి పట్టింది. స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వాలు ఈ నమూనాను స్వీకరించి, దేశంలోని అనేక గిరిజన ప్రాంతాలలో ఆశ్రమ పాఠశాలలు నెలకొల్పాయి. మన మన్యంలోను, ఆదిలాబాదు అడవులలోను ఉన్న గిరిజన ఆశ్రమ పాఠశాలలు అదే పేరుతో నడుస్తున్నాయి.

ఈ విద్యా విధానానికి జాతీయ స్థాయిలో ఆమోదం లభించిన స్థలం కూడా సూరత్ జిల్లాయే కావడం ఒక విశేషం. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా సదస్సు చేతిపని కేంద్రంగా, మాతృభాషలో ఏడేళ్ళ ఉచిత విద్య ఉండాలని తీర్మానించింది. డాక్టర్ జాకీర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం దానికి పాఠ్య ప్రణాళిక రూపొందించింది. 1938 ఫిబ్రవరిలో తపతీ తీరాన హరిపురాలో సుభాస్ చంద్ర బోస్ అధ్యక్షతన జరిగిన కాంగ్రెస్ మహాసభ ఆ మౌలిక విద్యా పథకాన్ని ఆమోదించింది. 'నయీ తాలీమ్' అని దేశమంతా పిలిచినది ఇదే.

వేడ్‌ఛీ ఆ పథకాన్ని ఆచరణలో చూపిన చోట్లలో ఒకటిగా నిలిచింది. మహదేవ్ దేశాయ్ కుమారుడు నారాయణ్ దేశాయ్, ఒడిశానుంచి వచ్చిన ఆయన భార్య ఉత్తర, పెళ్ళయిన తరువాత పట్నాల వైపు చూడక వేడ్‌ఛీలో నయీ తాలీమ్ ఉపాధ్యాయులుగా చేరారు. గాంధీజీ ఒడిలో పెరిగిన ఆ యువకుడు పిల్లలకు అక్షరాలు నేర్పుతూ అక్కడ జీవితం ఆరంభించారు. తరువాతి కాలంలో భూదానం, శాంతిసేన, జయప్రకాశ్ నారాయణ్ ఉద్యమం ఆయనను దేశమంతా తిప్పినా, తిరిగి వేడ్‌ఛీకే వచ్చి సంపూర్ణ క్రాంతి విద్యాలయం స్థాపించారు. 2015లో మరణించేవరకు ఆ ఊరే ఆయన చిరునామా. 1960లలో వేడ్‌ఛీలో గాంధీ విద్యాపీఠం కూడా ఏర్పడింది. జుగత్‌రామ్ దవే నిర్మాణ కార్యక్రమ కృషికి 1978లో జమ్నాలాల్ బజాజ్ పురస్కారం లభించింది.

లెక్కకు అందని పిల్లలు

ఇంతవరకు చదివినవారికి ఇది విజయగాథగా కనిపించవచ్చును. చాలావరకు అది నిజమే. చౌధ్రీ కుటుంబాలలో చదువు వేళ్ళూనుకున్నది. వారిలోనుంచి ఉపాధ్యాయులు, ఉద్యోగులు, కార్యకర్తలు వచ్చారు. వేడ్‌ఛీకి ఎంతో దూరంలో లేని డోల్వణ్‌లో 1941లో పుట్టిన అమర్‌సింహ్ చౌధరి ఇంజనీరై, 1985లో గుజరాత్ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ పదవి అధిష్ఠించిన తొలి ఆదివాసి ఆయనే. తాత తరాన్ని 'నల్ల ప్రజలు' అని పిలిచిన చోట మనుమడి తరం సచివాలయంలో సంతకం పెట్టింది.

అయితే అందరికీ ఒకే ఫలం దక్కలేదు. చౌధ్రీలకు కొంత సొంత భూమి ఉన్నది. కొడుకును బడికి పంపితే ఆ పూట ఇంటి పొయ్యి ఆరిపోదు. భూమి లేని హల్పతి పరిస్థితి వేరు. 1946లో వారికోసం ప్రత్యేకంగా హల్పతి సేవా సంఘం స్థాపించి పాఠశాలలు నడిపించినా ఆ కులం వెనుకనే ఉండిపోయింది. డచ్ సమాజ శాస్త్రవేత్త యాన్ బ్రెమన్ 1960ల ఆరంభంనుంచి దక్షిణ గుజరాత్ గ్రామాలలో దశాబ్దాల తరబడి తిరిగి ఈ సంగతి వ్రాశారు. సేవాసంస్థలు చదువు, సారా మానడం, శుభ్రత గురించి ఎంత చెప్పినా, కూలి రేటు గురించి భూస్వామిని నిలదీయడానికి వెనుకాడాయన్నది ఆయన విమర్శ. వెట్టిచాకిరిని 1976 చట్టం దేశమంతటా నిషేధించింది. కాని అప్పు మరొక వేషంలో తిరిగి వచ్చింది.

ఆ వేషం చెరకు. 1950లలో కాక్రాపార్ ఆనకట్ట, 1972లో ఉకాయి ఆనకట్ట పూర్తి కావడంతో సూరత్ జిల్లా పొలాలకు కాలువ నీరు పారింది. జొన్న, పత్తి పండిన నేలలో చెరకు నిలబడింది. బార్డోలీ మొదలుగా సహకార చక్కెర మిల్లులు వెలిశాయి. చెరకు నరకడానికి డాంగ్ అడవులనుంచి, మహారాష్ట్రలోని ఖాందేశ్‌నుంచి కుటుంబాలను తెస్తారు. మేస్త్రీ వానాకాలంలోనే అడ్వాన్సు ఇస్తాడు. అప్పు తీసుకున్న భార్యాభర్తల జంట శీతకాలం మొదట్లో వచ్చి ఎండాకాలందాకా కొడవలి పడుతుంది. ఆ జంటను అక్కడ 'కోయతా' అనే పిలుస్తారు. కోయతా అంటే కొడవలి. మనిషికి పనిముట్టు పేరు పెట్టారన్నమాట. పిల్లలు వారి వెంటే వస్తారు. తాటాకు, టార్పాలిన్ కప్పిన గుడిసెలలో చంటిపిల్లను చూసుకునే అక్క, చెరకు ఆకు మోపుగట్టే తమ్ముడు - బడి సంవత్సరంలో సగానికి పైగా ఇలాగే గడుస్తుంది. సొంత ఊరిలో బడి ఉన్నది, మాస్టారు ఉన్నాడు, హాజరు పట్టీలో వీరి పేరూ ఉన్నది. బల్ల మీద మాత్రం వీరు లేరు.

వలసపోయే తల్లిదండ్రుల పిల్లలను సొంత ఊరిలోనే ఉంచి చదివించేందుకు రుతుకాల వసతి గృహాలు నడపడం గుజరాత్ ప్రభుత్వం చేపట్టిన పరిష్కారాలలో ఒకటి. చూడగా ఇది వేడ్‌ఛీ గుడిసెలో మొదలైన ఆలోచనే. పిల్లవాడిని పని ఎక్కడికి లాగుతున్నదో తెలుసుకుని, అంతకంటె బలంగా బడి వాడిని పట్టి ఉంచాలి.

మన గడ్డ మీద అదే పాఠం

ఈ సత్యాన్ని తెలుగునాట మరొక సంస్థ తన దారిలో తాను కనుగొన్నది. చరిత్రకారుడు, ఆచార్యుడు మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట 1981లో ఒక ఫౌండేషన్ ఏర్పడింది. ఆయన మనుమరాలు, హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్ర ఆచార్యులుగా పనిచేసిన శాంతా సిన్హా నాయకత్వంలో 1991లో ఆ సంస్థ రంగారెడ్డి జిల్లాలోని కొన్ని గ్రామాలలో బాల కార్మికుల మధ్య పని ప్రారంభించింది. జీతాలున్న పిల్లలను, పత్తి చేలలో పనిచేసే పిల్లలను విడిపించి శిబిరాలకు తెచ్చారు. కొన్ని నెలలు అక్కడే ఉంచి, వయసుకు తగిన తరగతిలో కూర్చోగల స్థితికి తెచ్చి, ప్రభుత్వ పాఠశాలలో చేర్పించారు. ఈ సంస్థ గొప్పగా భవనాలు కట్టలేదు. ఉన్న సర్కారు బడికీ, బడి బయట ఉన్న పిల్లవాడికీ మధ్య వంతెన వేసింది. ఊరి యువకులే ఆ వంతెనకు స్తంభాలు. బడిలో లేని ప్రతి బాలుడూ బాల కార్మికుడే అన్నది వారి నిర్వచనం.

తల్లిదండ్రులు బీదతనం వలన పిల్లలను పనికి పంపుతారన్న మాటను ఈ సంస్థ ప్రశ్నించింది. చదువు విలువ తెలియని తల్లి లేదు. బడికి దారి చూపేవారు లేరు. దారి చూపినప్పుడు ఎంతో పేద తల్లి సైతం కూలి కోల్పోవడానికి సిద్ధపడిందని వారి అనుభవం చెప్పింది. శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘానికి ఆమె తొలి అధ్యక్షురాలయ్యారు. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టంలో, బడి మానిన పిల్లవాడిని వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని ప్రత్యేక శిక్షణ ఇవ్వాలన్న నిబంధన ఉన్నది. వంతెన శిబిరాలు చూపిన మార్గం ఈ విధంగా దేశానికి చట్టమైనది.

బడి పెట్టదలచినవారికి

పల్లెకు ఏదైనా చేయాలని తపించేవారు ఈ రెండు అనుభవాలనుంచి గ్రహించదగినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, ఊరు అడగని బడి నిలవదు. వేడ్‌ఛీలో ప్రజలు ముందు లేచారు, సేవకులు తరువాత వచ్చారు. ధర్మసంస్థను నమోదు చేయడానికి ముందే కనీసం ఒక పంటకాలం ఆ గ్రామంలో తిరిగి, ఏ ఇంటి పిల్లలు ఏ నెలలో ఎక్కడ ఉంటారో వ్రాసుకోవడం మంచిది. నాట్ల వేళ, పత్తి ఏరే వేళ, చెరకు నరికే వేళ హాజరు ఎలా పడిపోతుందో ఆ కాగితమే చెబుతుంది.

రెండవది, చట్టం. ధర్మసంస్థ సొసైటీగా గాని ట్రస్టుగా గాని నమోదు కావాలి. ప్రభుత్వ గుర్తింపు లేకుండా ప్రైవేటు పాఠశాల నడపడాన్ని విద్యాహక్కు చట్టం అనుమతించదు. ఒకటినుంచి అయిదు తరగతులకు కిలోమీటరు దూరంలో బడి ఉండాలని నిబంధనలు చెబుతున్నాయి. కనుక చాలా గ్రామాలలో బడి భవనం ఇప్పటికే ఉన్నది. అటువంటి చోట మరొక బడి కట్టి సర్కారు బడిని ఖాళీ చేయించడంకంటె, ఉన్నదానికి బలం చేకూర్చడమే మేలు. ప్రభుత్వ పాఠశాల యాజమాన్య సంఘంలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలన్నది కూడా ఆ చట్టమే. ఆ తల్లిదండ్రులు సమావేశానికి వచ్చి నోరు విప్పేటట్లు చేయగలిగితే అది కొత్తగా నాలుగు గదులు కట్టినంత సేవ.

మూడవది, డబ్బు. గోడలకు ఒకసారి ఖర్చు పెడితే సరిపోతుంది. మాస్టారికి నెలనెలా జీతం ఇవ్వాలి. దాత పేరు శిలాఫలకం మీద చెక్కించుకోవడానికి గది అనువైనది గనుక విరాళాలు గదులకే వస్తాయి. పిల్లల భోజనానికి, పదో ఏట మళ్ళీ వేయవలసిన సున్నానికి, వర్షాకాలంలో మరమ్మత్తుకు ఇచ్చే చేతులు తక్కువ. ఆ తక్కువ చేతులను ముందుగా వెదుక్కున్న సంస్థే నిలుస్తుంది.

నాలుగవది, అన్నిటికంటె కఠినమైనది. ఊరిలోని బలవంతుడికి నచ్చని మాట చెప్పవలసిన రోజు వస్తుంది. పిల్లవాడిని పశువుల వెంటనుంచి తప్పించడమంటే ఆ పశువుల యజమానికి చౌకగా దొరికే కాపరిని లేకుండా చేయడమే. ఆ రోజున యజమాని కంట పడకుండా తప్పుకునే సంస్థ ఎన్ని గదులు కట్టినా హల్పతి బిడ్డ దాని గడప తొక్కడు. వేడ్‌ఛీ చరిత్రలో మిగిలిన వెలితి ఇది. దానిని ఎత్తి చూపినంత మాత్రాన ఆ మహనీయుల త్యాగం తక్కువ కాదు. వారు వదలిన పని మనకు కనిపిస్తుంది, అంతే.

జుగత్‌రామ్ దవే వేడ్‌ఛీకి వచ్చినప్పుడు ఆయన వద్ద భవన నిర్మాణానికి సొమ్ము లేదు, పట్టా లేదు, మెట్రిక్ సర్టిఫికెట్ అయినా లేదు. పిల్లలతో కలిసి ఉండడానికి ఒక జీవితకాలం మాత్రం ఉన్నది. అది ఆయన ఇచ్చారు. బడి మొదట అక్కడ వెలిసింది. గోడలు తరువాత వచ్చాయి. మన ఊళ్ళలో నేడు గోడలు ముందుగానే ఉన్నాయి. వాటి లోపలికి ఇంకా రాని పిల్లవాడు ఈ ఉదయం ఏ చేను గట్టున ఉన్నాడో చూసి రావలసిన పని మాత్రం అలాగే మిగిలి ఉన్నది.